ఆట తెరపై తెలుగు అక్షరం: చేవెళ్ల, మొయినాబాద్ ఊరిపేర్ల వెలుగులో వేరియబుల్ ఖతుల చరిత్ర

వ్యాససంగ్రహం

వీడియో గేముల కోసం గీసిన ఓపెన్‌సోర్స్ ఖతులు లాటిన్ లిపిలో పదిహేనేళ్లుగా ఉన్నాయి. అటువంటి ఖతి తెలుగులో నిలబడాలంటే లిపి పరంగా, సంకేత వ్యవస్థ పరంగా, లైసెన్సు పరంగా ఏ అవసరాలు తీరాలో ఈ వ్యాసం చారిత్రకంగా పరిశీలిస్తుంది. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ అనే రెండు ఊరిపేర్లను పరీక్షా పదాలుగా స్వీకరించింది. మొదటి పేరు ఒత్తుకు, ప-వ భేదానికి పరీక్ష. రెండవది పొల్లుకు, విడదీత గుర్తుకు పరీక్ష. తెలుగు డిజిటల్ అక్షరానికి స్వేచ్ఛా లైసెన్సు వలన కలిగిన ప్రధాన ప్రయోజనం ఉచితంగా దొరకడం కాదనీ, తప్పును ఎవరైనా దిద్దగలగడమనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

కీలకపదాలు: తెలుగు ఖతులు, వేరియబుల్ ఖతి, ఓపెన్‌సోర్స్, యూనికోడ్, పొల్లు, తలకట్టు, వీడియో గేము, చేవెళ్ల, మొయినాబాద్.

1. ప్రవేశిక

2010లో నెక్సూయిజ్ అనే ఆట నుండి చీలి జోనోటిక్ అనే స్వేచ్ఛా వీడియో గేము పుట్టింది. దాని తెరమీద కనిపించే అంకెలకూ, ఆటగాళ్ల పేర్లకూ, ఆదేశాలకూ సెవెరిన్ మేయర్ అనే రూపకర్త జోలోనియం అనే ఖతిని గీశాడు. ఆ తరువాత ఆయనే ఆక్సేనియం అనే మరొక ఖతిని రూపొందించాడు. చతురస్రాకారం, కోసినట్లున్న మూలలు, భవిష్యత్కాలపు యంత్రాలను తలపించే పోకడ దాని లక్షణాలు. అది వేరియబుల్ ఖతి. అంటే అతి సన్నని రూపం నుండి అతి లావు రూపం వరకు ఉన్న మందాలన్నీ ఒకే ఫైలులో ఇమిడి ఉంటాయి. దాని లైసెన్సు స్వేచ్ఛా లైసెన్సు కనుక ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు.

ఆక్సేనియంలో తెలుగు లేదు. ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. గుండ్రదనమే ప్రాణమైన లిపిని చతురస్రంలో బంధించడం మరొక రూపకర్త చేయవలసిన మరొక పని. అయితే ఆ ఖతి ఒక మంచి ప్రశ్నను మన ముందుంచుతుంది. ఆట తెర అక్షరాన్ని అతి కఠినంగా పరీక్షించే స్థలం. అక్కడ అక్షరాలు చిన్నవి, వెనుక దృశ్యం కదులుతూ ఉంటుంది, చదవడానికి దొరికే సమయం క్షణకాలం. పుస్తకంలో సరిపోయే అక్షరం అక్కడ సరిపోకపోవచ్చు. అటువంటి చోట తెలుగు లిపి నిలవడానికి గడచిన రెండున్నర శతాబ్దాల ముద్రాక్షర చరిత్ర ఎంతవరకు దోహదం చేసింది, ఎక్కడ అడ్డుపడింది అన్నదే ఇక్కడి పరిశీలన.

చర్చ గాలిలో తేలిపోకుండా రెండు పదాలను ఆధారం చేసుకొంటున్నాను. హైదరాబాదు నుండి వికారాబాద్ వైపు సాగే బీజాపూర్ రహదారిపై, పెద్ద మర్రిచెట్లకు పేరుపడిన దారిలో, ముందు మొయినాబాద్, ఆ తరువాత చేవెళ్ల వస్తాయి. ఇవి పరిశోధనకు అలంకారంగా తెచ్చుకొన్న పేర్లు కావు. తెలుగు ఖతిలో ఏది కష్టమో దాదాపు అంతా ఈ రెండు పదాలలో దాగి ఉంది.

2. రెండు పేర్లు, రెండు పరీక్షలు

'చేవెళ్ల'లో మూడు అక్షరాలున్నాయి. మొదటిదానికి ఏత్వం, రెండవదానికి ఎత్వం, మూడవదానికి కింద ఒత్తు. లాటిన్ లిపిలో అక్షరాలు ఒకదాని పక్కన ఒకటి చేరుతూ పోతాయి. తెలుగులో అక్షరం పైకీ కిందికీ కూడా పెరుగుతుంది. ఈ చిన్న పేరులోనే పైన రెండు స్వరచిహ్నాలు, కింద ఒక హల్లు ఉన్నాయి. లాటిన్ అక్షరం ఎత్తును బట్టి నిర్ణయించిన పెట్టెలో దీనిని కూర్చితే ఒత్తు అడుగున తెగిపోతుంది, లేదా కింది పంక్తిలోని గుడులకు తగులుతుంది.

ఈ పేరుకు వ్రాతలో రెండు రూపాలున్నాయి. కొందరు 'చేవెళ్ల' అని లకారపు ఒత్తుతోనూ, కొందరు 'చేవెళ్ళ' అని ళకారపు ఒత్తుతోనూ వ్రాస్తారు. పెళ్లి-పెళ్ళి, వెళ్లు-వెళ్ళు వంటి జంటలలో ఉన్న వర్ణక్రమ వైకల్పికతే ఇది. మనిషి కంటికి రెండూ ఒకే ఊరు. కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు సంకేతాల వరుసలు. ఒకటి వెదికితే రెండవది దొరకదు. శాసనాలలో, తాళపత్రాలలో పాఠాంతరాలను పోల్చి చూసేవారికి ఈ చిక్కు కొత్తది కాదు. దానిని యంత్రానికి నేర్పవలసి రావడమే కొత్త.

ఇక 'వె' అన్న అక్షరం. తెలుగు లిపిలో 'వ'కూ 'ప'కూ మధ్య ఉన్న భేదం చాలా స్వల్పం. వకారంలో తలకట్టు కుడి కొమ్మకు అంటుకొని ఉంటుంది. పకారంలో విడిగా నిలుస్తుంది. ఆ సన్నని ఖాళీయే రెండు వర్ణాలను వేరుచేస్తున్నది. ఈ అంటు-విడుపు భేదమే గుణింతాలలోకీ సాగుతుంది. ఖాళీ మూసుకుపోతే పాలు వాలు అవుతాయి, పల్లె వల్లె అవుతుంది. పొరపాటున తెరుచుకొంటే చేవెళ్ల చేపెళ్ల అవుతుంది. గండిపేట చెరువు దగ్గరలోనే ఉంది కనుక ఆ పేరూ నప్పుతుందని ఎవరైనా హాస్యమాడవచ్చు గాని, నామఫలకం మీద అది క్షంతవ్యం కాదు.

'మొయినాబాద్' పరీక్ష వేరు. మొదటి అక్షరమైన 'మొ' తెలుగు గుణింతంలో అపవాదం. 'కొ', 'తొ' వంటి వాటిలో ఒత్వం నెత్తిమీద ఒకే చిహ్నంగా కూర్చుంటుంది. మ, య, ఘ, ఝ అనే అక్షరాలకు మాత్రం ఎత్వమూ కుడివైపు కొమ్మూ కలిసి ఒత్వాన్ని ఏర్పరుస్తాయి. ఒక్క సూత్రంతో అన్ని హల్లులకూ ఒత్వం తగిలించవచ్చుననుకొనే ఖతి ఇక్కడ పట్టుబడిపోతుంది. అసలు 'మ' అనే అక్షరమే చూపునకు వకారమూ కుడి కొమ్మూ కలిసినట్లుంటుంది. అందుకే 'వు' వ్రాసేటప్పుడు కొమ్మును పక్కకు కాక కిందినుంచి తిప్పుతాము. లిపి తనలో తాను గందరగోళపడకుండా ఏర్పరచుకొన్న కట్టుబాటు అది.

అయితే ఈ పేరులో అసలు విషయం చివరి పొల్లు. తెలుగు అజంత భాష. అచ్చతెలుగు పదం అచ్చుతో ముగుస్తుంది. ప్రాచీన వాఙ్మయంలో పొల్లు ముఖ్యంగా సంస్కృత హలంత పదాలకూ, పదాంత నకారానికీ పనికివచ్చింది. ఆ నకారపు పొల్లుకు ప్రత్యేకాకృతి కూడా ఉండేది. హైదరాబాదు రాజ్యపు ప్రాంతంలో పరిస్థితి వేరు. ఫారసీ నుండి ఉర్దూ ద్వారా వచ్చిన 'ఆబాద్' ఇక్కడి ఊరిపేర్లలో స్థిరపడిపోయింది. మొయినాబాద్, వికారాబాద్, శంషాబాద్, జహీరాబాద్: బస్సు ఎక్కి ఎటు కదిలినా హలంతమే. కనుక తెలంగాణ నామఫలకానికి పొల్లు అపురూపమైన చిహ్నం కాదు, నిత్యావసరం. తెలుగు ఖతుల చరిత్ర వ్రాసేవారు దీనిని ఇంతవరకు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

పొల్లు తరువాత విభక్తి ప్రత్యయం వస్తే మరొక చిక్కు. 'మొయినాబాద్'కు 'లో' చేర్చి యంత్రానికి అప్పగిస్తే అది సంధి చేసి 'మొయినాబాద్లో' అని లకారాన్ని దకారం కింద ఒత్తుగా మారుస్తుంది. చదువరికి కావలసింది 'మొయినాబాద్‌లో'. ఈ రెండింటికీ మధ్య ఉన్నది కంటికి కనిపించని ఒక సంకేతం. యూనికోడ్‌లో దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. వెడల్పు లేని విడదీత గుర్తు అని దానిని తెలుగు చేసుకోవచ్చు. దాని కథ నాలుగవ విభాగంలో వస్తుంది.

3. సీసపు అచ్చు నుండి 8-బిట్ ఖతి వరకు

తెలుగు ముద్రణ ఆరంభదశ ఈ పత్రిక పాఠకులకు సుపరిచితం కనుక త్వరగా దాటుతాను. జర్మనీలోని హాలె పట్టణంలో 1746-47 ప్రాంతంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలను అచ్చువేయించాడు. 1814లో సెరంపూర్ నుండి విలియం కేరీ తెలుగు వ్యాకరణం, 1816లో మద్రాసు నుండి ఎ.డి. కాంబెల్ వ్యాకరణం వెలువడ్డాయి. 1852లో బ్రౌన్ నిఘంటువు వచ్చింది. 1854లో వావిళ్ల వారి ముద్రణాలయం మొదలయింది. ఈ వందేళ్లలో తెలుగు అక్షరం సీసపు దిమ్మెగా స్థిరపడింది.

ఇక్కడ గమనించవలసింది సంఖ్య. 36 హల్లులకు 12 గుణింత రూపాలు అనుకొన్నా 432 ఆకృతులు. ఇందులో ఒత్తులు లేవు, సంయుక్తాక్షరాలు లేవు. లాటిన్ కంపోజిటరు ముందున్న అరలకూ తెలుగు కంపోజిటరు ముందున్న అరలకూ పోలికే లేదు. ప్రతి పరిమాణానికీ మళ్లీ ఒక పూర్తి సమితి కావాలి, లావు అక్షరానికి మరొక సమితి కావాలి. చాలా తెలుగు అచ్చుకూటాలలో లావు అక్షరం శీర్షికలకే పరిమితం కావడానికి రుచి కన్న ఖర్చు కారణమై ఉండవచ్చు.

మన రెండు ఊళ్ల పరిసరాలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధం అక్షరాలు పోతపోయడంలో కాదు, అక్షరం కోసం జరిగిన ఉద్యమంలో కనిపిస్తుంది. జిల్లాకు పేరిచ్చిన కొండా వెంకట రంగారెడ్డి 1890లో నేటి మొయినాబాద్ మండలంలోని పెద్దమంగళారంలో జన్మించారు. పాలనలో ఉర్దూ రాజ్యమేలిన కాలంలో తెలుగువారి భాషా సాంస్కృతిక హక్కుల కోసం సాగిన ఆంధ్రోద్యమంలో ఆయన ప్రముఖులు. 1936లో షాద్‌నగర్‌లో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. అంతకు పదేళ్ల ముందు, 1926లో, సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో గోలకొండ పత్రిక హైదరాబాదులో ఆరంభమయింది. తెలుగులో అచ్చయిన కాగితం చేతికి రావడమే అప్పటి ప్రజల ఆకాంక్ష. అక్షరం ఎంత లావుగా ఉండాలన్న ప్రశ్న తరువాతి తరానిది.

కంప్యూటరు వచ్చాక పరిస్థితి ఒక విధంగా మెరుగయింది, మరొక విధంగా చెడింది. డి.టి.పి. కాలంలో అను, శ్రీలిపి వంటి వ్యవస్థలు తెలుగు పుస్తక ప్రపంచాన్ని నడిపాయి. వాటి అక్షరాలు అందమైనవి కావని ఎవరూ అనలేరు. లోపం మరొకచోట ఉంది. 8-బిట్ ఖతిలో స్థూలంగా 256 గళ్లుంటాయి. ఇంగ్లీషు అక్షరాలుండవలసిన గళ్లలో తెలుగు అక్షరపు ముక్కలను ఉంచి, వాటిని పక్కపక్కన అతికించి పదం కూర్చేవారు. ఏ గడిలో ఏ ముక్క ఉండాలన్నది ఒక్కొక్క సంస్థకు ఒక్కొక్క విధం. ఒకరి ఖతిలో కూర్చిన వ్యాసాన్ని మరొకరి ఖతిలో తెరిస్తే అర్థంలేని గుర్తుల కుప్ప కనిపిస్తుంది. 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చిన ఇస్కీ ఈ అరాచకాన్ని ఆపడానికి ప్రయత్నించినా అచ్చుకూటాలు దానికి కట్టుబడలేదు. ఇరవై ఏళ్ల క్రితం కూర్చిన సిద్ధాంత గ్రంథాన్ని నేడు తెరవలేక మళ్లీ టైపు చేయించుకొంటున్న పరిశోధకులు ఈ పాఠకులలోనే ఉంటారు.

4. యూనికోడ్, కనిపించని గుర్తు

1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణంలోనే తెలుగుకు 128 స్థానాల గడి దక్కింది. ఇస్కీ అమరికయే దానికి పునాది. ఇక్కడ మూలసూత్రం మారింది. నిల్వచేసేది అక్షరపు బొమ్మను కాదు, అక్షరపు గుర్తింపును. 'ళ్ల' అన్నది నిల్వలో ళకారం, పొల్లు, లకారం అనే మూడు సంకేతాలు. వాటిని చూసి ఏ బొమ్మ వేయాలో నిర్ణయించేది ఖతిలోని నియమాలూ, వాటిని అమలుపరచే అక్షరకూర్పు యంత్రమూ. బాధ్యత ఇద్దరికి పంచారు కనుక తప్పు ఎవరిదన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాలేదు.

ప్రమాణం ఒక్కసారి పూర్తికాలేదు. దంత్య చ, జ లకు స్థానాలు 2008లో వచ్చాయి. పదాంత నకారపు పొల్లుకు స్థానం 2021లో, యూనికోడ్ 14వ కూర్పులో వచ్చింది. పాత అచ్చు పుస్తకాలను యథాతథంగా డిజిటల్ రూపంలోకి తేవాలనుకొన్నవారు అంతవరకు రాజీపడవలసి వచ్చింది.

విడదీత గుర్తు అసలు బలహీనత 2018 ఫిబ్రవరిలో లోకానికంతకూ తెలిసింది. ఒక తెలుగు అక్షరం వచ్చిన సందేశాన్ని చూపించబోయి ఐఫోన్లు కుప్పకూలాయి. జకారం, పొల్లు, ఞకారం, ఆ తరువాత విడదీత గుర్తు, దానికి దీర్ఘం: ఇదే ఆ వరుస. ప్రపంచ పత్రికలన్నీ తెలుగు అక్షరం ఫోన్లను పాడుచేస్తున్నదని వ్రాశాయి. మామూలుగా 'జ్ఞానం' అని వ్రాస్తే ఏ ప్రమాదమూ లేదు. అవసరం లేనిచోట విడదీత గుర్తు పడినప్పుడే కూర్పు యంత్రం దారితప్పింది. ఆ లోపం తెలుగుకు మాత్రమే పరిమితమైనది కూడా కాదు. దేవనాగరి, బంగ్లా లిపులలోనూ అటువంటి వరుసలు బయటపడ్డాయి. ఫిబ్రవరి 19న విడుదలైన ఐ.ఓ.ఎస్. 11.2.6తో దానిని సరిచేశారు. నింద మాత్రం లిపికి అంటుకొంది. జ్ఞానమన్న మాటే యంత్రాన్ని కూల్చిందన్న చమత్కారం చాలాకాలం నడిచింది. అక్కడ అజ్ఞానం ఎవరిదో మాత్రం ఎవరూ అడగలేదు.

ఈ ఉదంతాన్ని ఇంతగా వివరించడానికి కారణముంది. జ్ఞకారంలో అనవసరమైన ఆ గుర్తే మొయినాబాద్‌లో అనివార్యం. కనిపించని సంకేతం కదా అని దానిని తుడిచివేసే ఏ సాఫ్ట్‌వేరైనా తెలంగాణ ఊరిపేర్ల వర్ణక్రమాన్ని చెరిపివేస్తున్నట్లే. ఆటలలో పేరు నమోదు చేసేచోట అగోచర సంకేతాలతో మోసాలు జరుగుతాయన్న భయంతో వాటిని మూకుమ్మడిగా నిషేధించడం సామాన్యం. భయం నిజమైనదే, పరిష్కారం మొరటుది.

5. దిద్దగల అక్షరం

తెలుగులో స్వేచ్ఛా ఖతుల చరిత్ర ప్రవాసంతో ముడిపడి ఉంది. అమెరికాలో స్థిరపడిన తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన అనే ఖతులను రూపొందించారు. వాటి యూనికోడ్ రూపాలైన పోతన2000, వేమన2000 జి.పి.ఎల్. లైసెన్సుతో లినక్స్ పంపిణీలలోకి చేరాయి. 2004లో రెడ్‌హ్యాట్ సంస్థ లోహిత్ ఖతులను అదే లైసెన్సుతో విడుదల చేసింది. వాటిలో తెలుగు ఒకటి. 2011లో లోహిత్ ఖతులు ఎస్.ఐ.ఎల్. ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారాయి. ఖతుల కోసమే తయారైన ఈ లైసెన్సు 1.1 కూర్పు 2007 ఫిబ్రవరి నాటిది.

2010 తరువాతి సంవత్సరాలలో సిలికానాంధ్ర సంస్థ ఇదే లైసెన్సుతో ఒక పెద్ద వరుసను అందించింది. గిడుగు, గురజాడ, మండలి, పెద్దన, తిమ్మన, ధూర్జటి, సురవరం వంటి పేర్లతో వచ్చిన ఆ ఖతులలో అత్యధికం పురుషోత్ కుమార్ గుత్తుల రూపకల్పన. గోలకొండ పత్రిక సంపాదకుని పేరు ఈ విధంగా ఒక స్వేచ్ఛా ఖతికి చేరింది. అయితే ఇవి ప్రధానంగా శీర్షికలకూ ఆహ్వానపత్రాలకూ తగిన అక్షరాలు. దాదాపు అన్నీ ఒకే మందంలో ఉన్నాయి. ఒక పుస్తకానికో, ఒక ఆటకో కావలసిన కుటుంబం కాదు ఇది. ఏకాకులైన కళాకారుల గుంపు.

లైసెన్సు విషయంలో ఒక అంశం మన విద్యారంగానికి ఆసక్తి కలిగించదగినది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు ప్రకారం ఖతిని ఎవరైనా సవరించి పంచవచ్చు. మూలకర్త తన ఖతి పేరును ప్రత్యేకించుకొని ఉంటే మాత్రం, సవరించిన ప్రతిని వేరే పేరుతో విడుదల చేయాలి. ఖతిని విడిగా అమ్మరాదు. అంటే పాఠాన్ని మార్చుకోవచ్చు, మార్చిన పాఠాన్ని మూలపాఠంగా చెలామణి చేయరాదు. పరిష్కర్తలు లేఖకుల విషయంలో ఇటువంటి నియమం ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని అనుకోని సాహిత్య పరిశోధకుడు ఉండడు.

8-బిట్ ఖతిలో 'మొ' తప్పుగా ఉంటే వాడుకరి చేయగలిగింది సంస్థకు విన్నవించుకోవడం. లోహిత్‌లో తప్పుంటే తెలిసినవారు దిద్ది తిరిగి పంచగలిగారు. ధర సున్నా కావడం ఈ స్థితికి ఒక ఉపఫలం మాత్రమే. విండోస్ ఎక్స్.పి.తో 2001లో వచ్చిన గౌతమి ఖతి కూడా కొన్నవారికి అదనపు ధర లేకుండానే అందింది, దానిని దిద్దే హక్కు మాత్రం అందలేదు. కోట్లాది తెరలపై తొలి యూనికోడ్ తెలుగును చూపించిన ఖతిగా దాని చారిత్రక స్థానం పెద్దది. దాని లోపాలు కూడా అంతే విస్తృతంగా వ్యాపించడం ఆ స్థానానికి మరో ముఖం.

6. వేరియబుల్ ఖతి, తలకట్టు ఖాళీ

2016 సెప్టెంబరు 14న వార్సాలో జరిగిన ముద్రాక్షర సదస్సులో ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, అడోబి సంస్థలు కలిసి ఓపెన్‌టైప్ 1.8ని ప్రకటించాయి. వేరియబుల్ ఖతి అందులోదే. ఆలోచన పాతది. 1990ల ఆరంభంలోనే అడోబి మల్టిపుల్ మాస్టర్, ఆపిల్ ట్రూటైప్ జి.ఎక్స్. రూపాలలో అది వచ్చి వాడుకలో నిలవలేకపోయింది.

పద్ధతి ఇది. రూపకర్త ఒక అక్షరాన్ని రెండు కొసలలో గీస్తాడు: ఒకటి అతి సన్నం, ఒకటి అతి లావు. రెండు చిత్రాలలోనూ రేఖలమీది బిందువుల సంఖ్య, వరుస సమానంగా ఉండాలి. ఒక గీత మందం సన్నని కొసలో 20 యూనిట్లు, లావు కొసలో 180 అనుకొంటే, సరిగ్గా మధ్యలో యంత్రం 100 అని లెక్కకట్టి గీస్తుంది. మధ్యనున్న రూపాలన్నీ లెక్కతో పుడతాయి. వెడల్పుకు ఇటువంటిదే మరొక అక్షం పెట్టవచ్చు.

తెలుగులో ఈ లెక్క ఎక్కడ పరీక్షకు గురవుతుందో ఇప్పుడు ఊహించవచ్చు. పకారంలో తలకట్టుకూ కుడి కొమ్మకూ నడుమ ఉన్న ఖాళీ లావు పెరిగేకొద్దీ తరుగుతుంది. రూపకర్త లావు కొసను గీసేటప్పుడు ఆ ఖాళీని కావాలని కాపాడాలి. అందుకోసం తలకట్టును కొంచెం పైకి జరపవచ్చు, కొమ్మ కొసను కుదించవచ్చు. అటువంటి నిర్ణయం చేతితో తీసుకొన్నది, యాంత్రికం కాదు. ఒత్తుల విషయమూ ఇంతే. 'ళ్ల'లో కింది లకారం పై అక్షరంకన్న చిన్నది. రెండూ ఒకే మందంతో లావైతే చిన్నదాని లోపలి ఖాళీలు ముందుగా నిండిపోతాయి. కనుక ఒత్తు కాస్త తక్కువగా లావు కావాలి.

గూగుల్ నోటో సాన్స్ తెలుగు నేడు మందం, వెడల్పు అనే రెండు అక్షాలతో లభిస్తున్నది. ముంబయికి చెందిన ఏక్ టైప్ బృందం గీసిన అనేక్ కుటుంబం తొమ్మిది భారతీయ లిపులనూ లాటిన్‌నూ కలిపి పది లిపులలో ఉంది. అందులోని అనేక్ తెలుగు మందం 100 నుండి 800 వరకు, వెడల్పు 75 నుండి 125 వరకు మారుతుంది. అదే బృందం రూపొందించిన బాలూ కుటుంబంలో తెలుగు సభ్యుని పేరు బాలూ తమ్ముడు. దాని రెండవ కూర్పు 400 నుండి 800 వరకు మందం మారే వేరియబుల్ ఖతి. మూలలు మెత్తగా, దేహం బొద్దుగా ఉండే ఈ తమ్ముడే, నా దృష్టిలో, తెలుగు ఆట తెరకు ఇప్పటికి అత్యంత సమీపంలో ఉన్న స్వేచ్ఛా ఖతి. అన్నీ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందివే.

వెడల్పు అక్షం విలాసమనుకొనేవారు ఊరిపేర్లను ఇరుకైన పలకపై పట్టించేవారిని తలచుకోవాలి. 'మొయినాబాద్' పట్టకపోతే ఫ్లెక్సీ కూర్చేవారు అక్షరాలను పక్కలనుండి నొక్కుతారు. నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డ గీతలు లావుగా మిగులుతాయి, గుండ్రని బకారం నిలువు గుడ్డు అవుతుంది. గీత మందాన్ని కాపాడుతూ వెడల్పును తగ్గించడం వేరియబుల్ ఖతికి సహజగుణం.

7. ఆట యంత్రాల లోపల

2016లో తెలంగాణ ప్రభుత్వం యానిమేషన్, గేమింగ్ రంగాలకు ఇమేజ్ విధానాన్ని ప్రకటించింది. ఆ రంగానికి కేంద్రంగా సంకల్పించిన ఇమేజ్ టవర్ స్థలం రాయదుర్గం మొయినాబాద్‌కు దూరమేమీ కాదు. పరిశ్రమ సమీపంలో ఉన్నంత మాత్రాన లిపి సమీపంలోకి రాలేదు. అందుకు కారణం ఆటలు తయారయ్యే ఇంజన్ల నిర్మాణంలో ఉంది.

ఆటలో ప్రతి దృశ్యాన్నీ సెకనుకు 30 లేదా 60 సార్లు గీయాలి. అందుకని అక్షరాల బొమ్మలను ముందే ఒక పెద్ద చిత్రంలో పేర్చిపెట్టి, కావలసినప్పుడు కావలసిన ముక్కను తెరపై అతికిస్తారు. ఈ పద్ధతి వెనుక ఒక నమ్మకముంది: ఒక సంకేతానికి ఒక బొమ్మ. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగులో మూడు సంకేతాలు కలిసి ఒక బొమ్మ కావచ్చు. బహుళ ప్రచారంలో ఉన్న యూనిటీ ఇంజనులోని టెక్స్ట్‌మెష్ ప్రో ఏళ్లతరబడి ఆ నమ్మకం మీదనే నడిచింది. దానికి 'చేవెళ్ల' ఇస్తే ళకారం, పొల్లు, లకారం విడివిడిగా 'ళ్‌ల' అన్నట్లు పరుస్తుంది. ఈ ఇబ్బందిని తప్పించుకోవడానికి భారతీయ భాషలతో పనిచేసేవారు పాత 8-బిట్ ఖతుల ఉపాయాన్నే ఆశ్రయించారు: అక్షరపు ముక్కలను వేరే గళ్లలో దాచి అతికించడం. 1990లలో అచ్చుకూటాలు వదిలించుకోలేకపోయిన జబ్బు ఆటలలోకి కొత్తగా ప్రవేశించింది.

మరొక ప్రమాదం లావు అక్షరం విషయంలోనిది. ఈ పద్ధతిలో అక్షరపు అంచునుండి ఎంత దూరమన్నది లెక్కగా నిల్వచేసి, లావు కావలసినప్పుడు అంచును అన్నివైపులా సమానంగా ఉబ్బిస్తారు. తలకట్టు ఖాళీ 60 యూనిట్లు ఉన్న పకారాన్ని రెండు వైపులా 40 చొప్పున ఉబ్బిస్తే 80 యూనిట్లు ఆక్రమించబడతాయి. ఖాళీ ఇక లేదు. పకారం వకారమయింది. రూపకర్త చేతితో కాపాడిన భేదాన్ని యంత్రం ఒక్క గుణకారంతో మింగేస్తుంది. వేరియబుల్ ఖతి ఆటకు ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణ చాలు. అది లావును ఉబ్బించి సాధించదు, గీసిన లావునే చూపిస్తుంది.

మార్పు స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వైపునుండే వచ్చింది. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో తెలుగును కూర్చేది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ యంత్రం. 2023 మార్చి 1న విడుదలైన గోడో 4.0 అనే స్వేచ్ఛా ఆట ఇంజను దానిని తనలో చేర్చుకొంది. అంతకుముందు మూడవ కూర్పులో తెలుగు ఒత్తులు కుదిరేవి కావు. నాలుగవ కూర్పులో ఒత్తులు కుదిరాయి, వేరియబుల్ ఖతి అక్షాలను ఆటలోనే మార్చుకొనే సదుపాయమూ కలిసివచ్చింది. అంటే ఖతి, కూర్పు యంత్రం, ఆట ఇంజను మూడూ స్వేచ్ఛా లైసెన్సులతో ఒక వరుసలో నిలిచి, 'చేవెళ్ల'ను ఏ మందంలోనైనా చేవెళ్లగానే చూపగల స్థితి తెలుగుకు 2023లో ఏర్పడింది. ఒక కంపోజిటరు ముందున్న అరలతో మొదలైన పని ఇక్కడికి చేరడానికి సుమారు 277 సంవత్సరాలు పట్టింది.

మిగిలింది పేరు నమోదు గడి. అగోచర సంకేతాలను పూర్తిగా నిషేధించనవసరం లేదని అంతర్జాల నామాల ప్రమాణమే చెబుతున్నది. 2010 నాటి ఆ నియమావళి ప్రకారం విడదీత గుర్తు పొల్లు వెంటనే వచ్చినప్పుడు అంగీకార్యం, ఇతర సందర్భాలలో సాధారణంగా కాదు. 'మొయినాబాద్‌లో' అన్నది ఆ నియమానికి అచ్చంగా సరిపోతుంది. 2018 నాటి వరుసలో విడదీత గుర్తు ఞకారం తరువాత పడింది కనుక నిలవదు. భారతదేశానికి తెలుగులో కేటాయించిన అంతర్జాల నామాంతం '.భారత్' కూడా పొల్లుతోనే ముగుస్తుంది. ఆటల రూపకర్తలు ఆ నియమాన్ని తమ వడపోతలో చేర్చుకోవడానికి నాలుగైదు పంక్తుల ప్రోగ్రాము సరిపోతుంది.